తొమ్మిది మంది ఆడపిల్లలను సముద్రానికి తీస్కపోవాలె, అలల మీద నిలబెట్టాలె. ఎక్కడ మొదలుపెట్టాలె?

ఏసీగార్డ్స్ పీఈటీ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. నాకు 38 ఏండ్లు. ఓ ప్రైవేట్ స్కూల్ల పీఈటీ టీచర్ని. ఉండేది హైదరాబాద్, ఏసీ గార్డ్స్‌ల. అసలు ప్రశ్న కింద ఉంది, తొందరున్నోళ్లు కిందికి పోవచ్చు. కని నడుమ చెప్పింది చదవకుంటే మీరిచ్చే సలహా నాకు అక్కరకు రాదు.

మా బస్తీ పేరు చెప్పంగనే కొత్తోళ్లు ఎయిర్ కండిషన్ అనుకుంటరు. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం దగ్గర గుర్రపు దళంల పనిచేసిన సిద్దీలు, అంటే ఆఫ్రికా మూలాలున్నోళ్లు, ఉన్న జాగ ఇది. 1948ల హైదరాబాద్ ఇండియాల కలిసినంక దళం పోయింది, మనుషులు ఇక్కడనే ఉండిపోయిన్రు. మీ పెండ్లి బరాత్‌ల మర్ఫా మోగిందంటే అందుల మా బస్తీ చెయ్యి ఉన్నట్టే. నేను సిద్దీని కాదు. మా నాయిన నల్లగొండ దిక్కు నుంచి 1979ల వచ్చి ఇక్కడ కిరాయికి దిగిండు, ముప్పై ఏండ్లు ఆటో నడిపిండు. మా గోడ పక్క గోడ సిద్దీలది. వాళ్ల బిడ్డకు 13 ఏండ్లు. ఇంట్ల ఉర్దూ, నాతోని తెలుగు, కోపమొస్తే రెండూ.

పోయిన ఎండకాలం సెలవులల్ల ఈ పిల్లను, ఇంకో ఇద్దరిని ఈత నేర్పిద్దామని ఓ స్విమ్మింగ్ పూల్‌కు తీస్కపోయిన. ఏ పూలో చెప్పను, ఆ పంచాయితీ నాకొద్దు. కౌంటర్ల టోపీ కొనాలన్నరు, కొన్న. పలుచటి సిలికాన్ టోపీ. పిల్లది దగ్గరి రింగుల జుట్టు, మస్తు ఒత్తుగ ఉంటది. వాళ్లమ్మ పొద్దుగాల లేచి ఎనిమిది జడలల్లి పంపింది. టోపీ ఎక్కిస్తే జారుడు, మల్ల ఎక్కిస్తే మల్ల జారుడు. మూడోసారికి పట్టున చిరిగింది. కోచ్ వచ్చి "జుట్టు కత్తిరించుకొని రమ్మను మేడమ్, ఫిల్టర్ల ఇరుక్కుంటది" అన్నడు. కోపంగ కూడ అనలే, టైమెంతయిందంటే చెప్పినట్టు చెప్పిండు. పిల్ల ఒక్క మాట మాట్లాడలే. చిరిగిన టోపీని మడిచింది, ఇంకోసారి మడిచింది, ఫ్రాక్ జేబుల పెట్టుకుంది. అది ఇప్పటికీ వాళ్ల షోకేస్‌ల, గాజు గ్లాసుల ఎనక ఉంది. ఎందుకు దాసుకున్నవని నేను అడగలే.

ఆ రాత్రి అన్నం తినుకుంట ఈ ముచ్చట నాయినకు చెప్పిన. ఆయనకు 66 ఏండ్లు. ఇన్నేండ్లల్ల ఎన్నడూ చెప్పని సంగతి ఆ దినం చెప్పిండు. వాళ్లూర్ల మోటబావి. పెద్దిండ్ల పోరగాండ్లు ఎండిన ఆనిగెపుకాయ బుర్ర నడుముకు కట్టుకొని గట్టు మీదికెళ్లి దుంకెటోళ్లట. మా వాడ పిల్లలు దూరంగ నిలబడి చూసుడే. దిగితే నీళ్లు మైలపడ్తయని. బర్రెలు దిగితే కాని మైల వీళ్లు దిగితే అయితదట. ఓనాడు ఎవ్వరూ లేంది చూసి నాయిన మెట్ల మీదికెళ్లి మోకాళ్ల దాక దిగిండు. అప్పుడు పడ్డ దెబ్బలు ఏందో చెప్పలే, పెరుగు కలుపుకుంట ఊకున్నడు. మా నాయిన హుస్సేన్‌సాగర్‌ల పడవ ఎక్కడు, బుద్ధుని కాడికి మమ్ముల ఒక్కసారి కూడ తీస్కపోలే. నీళ్లంటే పుట్టు భయం అనుకునేదాన్ని. "నాకు భయం లేకుండె బిడ్డా, తర్వాత వచ్చింది" అన్నడు.

నేను ఈత నేర్చుకుంది 31 ఏండ్లకు. అది కూడ నౌకరీల అడిగిన్రని.

తర్వాత ఇంకో పూల్ దొరికింది. పొద్దున ఆరు నుంచి ఏడు దాక ఆడోళ్లకే. ముగ్గురు పిల్లలు తొమ్మిది మంది అయిన్రు. అందుల నలుగురు సిద్దీ పిల్లలు. ఇయ్యాల ఆరుగురు ఆగకుంట 25 మీటర్లు ఈదుతరు, ముగ్గురు సగం కాడ తాడు పట్టుకుంటరు.

మొన్న నిద్ర పట్టక ఫోన్ చూస్తుంటే ఓ వీడియో వచ్చింది. అమెరికా, కాలిఫోర్నియా, హంటింగ్టన్ బీచ్. నల్లజాతి వాళ్లు వాళ్లకు వాళ్లే పెట్టుకున్న సర్ఫింగ్ పండుగ, ‘ఎ గ్రేట్ డే ఇన్ ద స్టోక్’ అని పేరు. ఒక పెద్దామె, మా అమ్మ ఈడుది, బోర్డు మీద బోర్ల పండుకొని వచ్చుకుంట వచ్చుకుంట మోకాళ్ల మీద లేసింది. లేసి పడ్డది. పడ్డందుకు ఒడ్డంతా ఒర్రింది, గెలిచినట్టు. ఆ వీడియోను పక్కింటి పిల్లకు చూపెట్టిన. అది ఒక్కటే అడిగింది: "ఆమె జడలకు టోపీ లేదు కద టీచర్?"

ఇప్పుడు ప్రశ్న. ఈ తొమ్మిది మందిని రుషికొండకు తీస్కపోయి ఒక్క పూట సర్ఫింగ్ చేయించాలని ఉంది. నేను సముద్రం చూసింది రెండేసార్లు, రెండుసార్లూ చెప్పులు చేతుల పట్టుకొనే. ఏ నెలల పోవాలె? ఎన్ని మీటర్లు ఈదొస్తే దింపొచ్చు? ఆ పండుగకు పోయినోళ్లు ఎవరన్న ఉంటే, మొదటిసారి వచ్చినోళ్లను వాళ్లు ఎట్ల దింపిన్రో చెప్పండి. ఇంకోటి, తల్లులు ఒప్పుకుంటలేరు. "చదువు కోసం పంపుమంటే పంపుతం, సావనీకి పంపుతమా" అంటున్నరు. వాళ్లకు ఏం చెప్పాలె?

---

ఒంగోలు నుంచి ఎల్‌ఏ:

మేడమ్, నేను వెళ్లాను. పండగ చేసుకునేవాడిగా కాదు, తోడుగా.

మా ఆఫీసులో నా పక్క సీటాయన పుట్టి పెరిగింది లాస్ ఏంజెలెస్‌లోనే. నల్లజాతి ఆయన. ఇంటి నుంచి సముద్రం అరగంట. 44 ఏళ్లు వచ్చేదాకా మోకాళ్లు దాటి దిగలేదు. 2022 జూన్‌లో మొదటిసారి ఆ పండగ పెట్టినప్పుడు "నువ్వు కూడా రా, నేను పారిపోకుండా చూడు" అన్నాడు. అక్కడ పసిఫిక్ నీళ్లు జూన్‌లో కూడా చల్లగా కొరుకుతాయి, రబ్బరు సూటు వేసుకోవాల్సిందే. మేమిద్దరం పార్కింగ్‌లో కారు చాటున ఇరవై నిమిషాలు కుస్తీ పట్టి సూటు ఎక్కించాం. తీరా ఇసుకలోకి వెళ్లాక ఒక చిన్న పాప "అంకుల్, జిప్పు వెనక్కి ఉండాలి" అంది. మళ్లీ విప్పి మళ్లీ తొడిగాం. ఆ నవ్వుతోనే ఆయన భయం సగం పోయిందనుకుంటా.

దాన్ని మొదలుపెట్టినాయన నేథన్ ఫ్లూయెలెన్. 1958లో హార్లెంలో జాజ్ సంగీతకారులంతా ఒక ఇంటి మెట్ల మీద నిలబడి దిగిన ఫోటో ఉంది, చాలా పేరున్నది. ఆ ఫోటో పేరునే ఇటు తిప్పాడు. స్టోక్ అంటే సర్ఫర్ల భాషలో అల ఎక్కినప్పుడు వచ్చే ఉత్సాహం. పోటీలున్నాయి, పాటలున్నాయి, కొత్తవాళ్లకు ఉచితంగా పాఠాలున్నాయి. మీరడిగింది ఎలా దింపారని కదా. వెంటనే దింపలేదు. మా వాడిని చాలాసేపు ఇసుకలోనే పడుకోబెట్టారు. బోర్డు ఇసుక మీద, మనిషి బోర్డు మీద, చేతులతో ఇసుకను తోయడం, ఒక్క ఊపున లేచి నిలబడటం. పదిసార్లు, పదిహేనుసార్లు. చుట్టూ అదే పని చేస్తున్న వాళ్లంతా తనలాంటి వాళ్లే. తర్వాత నడుము లోతు, అంతే. విరిగిపోయిన అల నురగగా వస్తుందే, దాని మీదే నేర్పారు.

కారులో వెళ్తూ ఆయన చెప్పినవి కొన్ని మీ పిల్లలకు పనికొస్తాయి. హంటింగ్టన్ బీచ్ దగ్గర్లోనే నల్లజాతివాళ్లు తమకోసం పసిఫిక్ బీచ్ క్లబ్ అని కట్టుకున్నారట. తెరవడానికి కొన్నాళ్ల ముందు, 1926 జనవరిలో అది తగలబడిపోయింది. ఎవరో కావాలనే అంటించారని అప్పటి నుంచీ అనుమానం. ఇంకాస్త పైన మన్‌హాటన్ బీచ్‌లో విల్లా, చార్లెస్ బ్రూస్ దంపతులు 1912లో స్థలం కొని నల్లవాళ్లకు స్నానాల రిసార్టు నడిపారు. 1920ల్లో పార్కు పేరు చెప్పి ఊరు ఆ స్థలాన్ని లాగేసుకుంది. వారసులకు తిరిగి చేతికొచ్చింది 2022లో. సరిగ్గా ఆ పండగ జరిగిన ఏడాదే.

శాంటా మోనికాలో నిక్ గాబల్డోన్ అని ఒక కుర్రాడుండేవాడు. తల్లి నల్లజాతి, తండ్రి మెక్సికన్ మూలాల వాడు. నల్లవాళ్లు చేరే బే స్ట్రీట్ ఒడ్డున ఈత, సర్ఫింగ్ నేర్చుకున్నాడు. మంచి అలలు మాలిబూలో ఉంటాయి. అక్కడికి వెళ్లడానికి బోర్డు మీద పడుకుని చేతులతో తోసుకుంటూ సముద్రంలో దాదాపు 12 మైళ్లు వెళ్లేవాడట. 1951 జూన్‌లో మాలిబూ పియర్ స్తంభాలకు కొట్టుకుని పోయాడు. 24 ఏళ్లు. ఇప్పుడు ఆయన పేరున ఒక రోజు పెట్టుకుని బే స్ట్రీట్‌లో పిల్లలకు సర్ఫింగ్ నేర్పుతున్నారు.

మా వాడు ఆ రోజు నిలబడలేదు. బోర్డు మీద మోకాళ్ల మీదికి లేచాడు, అంతే. పోయిన నెల నిలబడ్డాడు, మూడు సెకన్లు. ఆఫీసులో ఆ వీడియో చూడని మనిషి లేడు.

---

నిజం నిష్ఠూరం:

సముద్రానికి గేటుందా, టికెట్టుందా? ఎవరు ఆపారు మిమ్మల్ని? అమెరికాలో వాళ్ల గొడవలు వాళ్లకున్నాయి. వాటిని తెచ్చి రుషికొండలో నాటడం ఎందుకు? పిల్లల్ని పిల్లలుగా తీసుకెళ్లండి. సిద్దీ పిల్లలు, బస్తీ పిల్లలు అని బోర్డు కట్టి ఫోటోలు దిగి పేపరుకి ఇవ్వడానికైతే మాత్రం దయచేసి వద్దు.

---

ఏసీగార్డ్స్ పీఈటీ:

ఫోటోల మాట ఒప్పుకుంట అన్న. నిజం చెప్పాలంటే బ్యానర్ కొట్టిద్దామని నేను కూడ ఒక ఘడియ అనుకున్న. కొట్టియ్య.

కని "ఎవరు ఆపిన్రు" అన్నరు చూడండి, ఆ బావికి కూడ గేటు లేకుండె.

---

రిటైర్డ్ లెక్చరర్, హనుమకొండ:

అమ్మా, మీ నాన్నగారి మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

నిష్ఠూరం గారికి ఒక్క సంగతి. 1919 జులైలో చికాగోలో యూజీన్ విలియమ్స్ అనే 17 ఏళ్ల కుర్రాడు మిషిగన్ సరస్సులో స్నేహితులతో తెప్ప మీద తేలుతూ, తెలియకుండానే తెల్లవాళ్లు తమదనుకున్న ఒడ్డు వైపు వెళ్లాడు. అక్కడా గేటు లేదు, నీళ్ల మీద గీత ఎవరూ గీయలేదు. ఒడ్డు నుంచి రాళ్లు విసిరారు, మునిగిపోయాడు. దాంతో చెలరేగిన అల్లర్లలో 38 మంది చనిపోయారు. ఇక మన దగ్గర, మహారాష్ట్రలోని మహాడ్‌లో చౌదార్ చెరువు అందరిదీ అని మునిసిపాలిటీ ముందే తీర్మానం చేసింది. అయినా 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమంది దళితులతో నడిచి వెళ్లి దోసిలితో తాగితే తప్ప ఆ తీర్మానం నీళ్లదాకా రాలేదు. తాగినందుకు ఆ రోజే దెబ్బలు తిన్నారు. తర్వాత చెరువును ‘శుద్ధి’ కూడా చేశారు.

మీకు నచ్చే సంగతి మరొకటుంది. 1640ల్లో గోల్డ్ కోస్ట్‌కు, అంటే ఇప్పటి ఘనాకు వెళ్లిన మైకేల్ హెమ్మర్‌సామ్ అనే జర్మన్, అక్కడి తల్లిదండ్రులు పిల్లలను చెక్కలకు కట్టి నీళ్లలో వేస్తారని రాసిపెట్టాడు. సర్ఫింగ్ గురించి దొరికిన తొలి రాతల్లో దీన్నీ చెబుతారు. మన బావుల్లో నడుముకు బుర్ర కట్టి తోసేదానికీ దానికీ తేడా ఏముంది? ఆ సిద్దీ పాప ముత్తాతలు ఏ తీరం నుంచి వచ్చారో మనకు తెలియదు గానీ, ఆ ఖండంలో నీళ్లకు భయపడనివాళ్లు బోలెడంతమంది ఉండేవారు. అమెరికాలో 2017లో వెలువడ్డ అధ్యయనం ప్రకారం నల్లజాతి పిల్లల్లో 64 శాతానికి ఈత రాదు, వచ్చినా అంతంతమాత్రం. మీ నాన్నగారు అన్నారే, "తర్వాత వచ్చింది" అని.

---

పెదజాలారిపేట కుర్రోడు:

అక్కా, ఇంక సముద్రం సంగతికి వద్దాం.

మాది వేటకెళ్లే ఇల్లు. చిన్నప్పుడు మాకు బోర్డుల్లేవు, పాత తెప్ప చెక్క మీద పొట్టానించి కెరటం ఎక్కేవోళ్లం. ఇప్పుడు నేను సర్ఫింగ్ నేర్పుతాను. నీ పిల్లలు 25 మీటర్లు ఈదుతారన్నావు, అది పూల్‌లో. పూల్‌లో నీరు నిన్ను ఏటీ అనదు. నడుము లోతులో నేర్పడానికి ఆ ఈత సరిపోద్ది, కానీ ఒక్కొక్కరూ వెల్లకిలా రెండు నిమిషాలు కదలకుండా తేలడం నేర్చుకుని రావాలి. ఈదడం కంటే నాకు అదే కావాలి. సగంలో తాడు పట్టుకునే ముగ్గురికి కూడా తేలడం వస్తే తీసుకురా, రాకపోతే ఈసారికి ఇసుకలోనే.

జనవరి, ఫిబ్రవరి రండి. కెరటం చిన్నది, కొత్తోళ్లకి అదే మేలు. అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు, టికెట్ కొనుక్కుని కూడా వెనక్కెళ్లాల్సి వస్తాది. పున్నమి, అమాస దగ్గర పోటూ ఆటూ ఎక్కువుంటాయి, ఆ రోజులు వదిలెయ్. గాలి లేవకముందే పొద్దున్న ఆరున్నరకల్లా నీట్లో ఉండాలి.

ఇది మాత్రం పిల్లలకి బొమ్మేసి చూపించు. ఒడ్డున నిలబడి చూస్తే అంతటా కెరటం విరిగి తెల్లగా నురగొస్తుంటాది. మధ్యలో ఒక పాయ మాత్రం విరగదు, నున్నగా నల్లగా ఉంటాది. హైదరాబాద్ నుంచి వచ్చినోళ్లంతా "ఇక్కడ ప్రశాంతంగా ఉంది" అని సరిగ్గా అక్కడే దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీరంతా సముద్రంలోకి వెనక్కి పోయే దారి అది. లోపలికి లాగేస్తాది. దాంట్లో పడితే ఒడ్డుకేసి ఈదకూడదు, ఎంత మొనగాడైనా అలిసిపోతాడు. చెయ్యెత్తి తేలాలి, ఓపికుంటే ఒడ్డుకి అడ్డంగా పక్కకి ఈది నురగున్న చోటికి రావాలి. ఏడాదేడాదికీ మా బీచుల్లో పోయినోళ్లలో ఎక్కువమంది ఈత రాక కాదు, ఈ దారి తెలీక పోయారు.

బోర్డులు ఎనిమిది తొమ్మిది అడుగులవి, పైన మెత్తటి స్పాంజివి కావాలని అడుగు. గట్టి బోర్డు మొహానికి తగిల్తే పళ్లు రాల్తాయి. కాలికి కట్టే తాడు ఊడకుండా చూడాలి. ఇద్దరు పిల్లలకి ఒక మనిషి నీట్లో, ఒడ్డున లెక్కపెట్టడానికే ఇంకో మనిషి. అలా ఒప్పుకోనోళ్ల దగ్గర నేర్పించకు, అది నేనైనా సరే.

తల్లుల సంగతంటావా. మా అమ్మ ఇప్పటికీ నాన్న వేటకెళ్తే తెప్ప కనబడేదాకా టీ తాగదు. సముద్రం పక్కనే పుట్టిన మనిషి. కాబట్టి భయం పోగొట్టాలని చూడకు. ఒకళ్లిద్దరిని కూడా తీసుకొచ్చెయ్.

---

రింగులజుట్టు రాణి:

నాదీ రింగుల జుట్టే అక్కా, కూకట్‌పల్లిలో ఏ పూల్ టోపీ పట్టదు. ఒలింపిక్స్‌లోనే ఈ గొడవ జరిగింది తెలుసా? ఒత్తు జుట్టు కోసం సోల్ క్యాప్ అని పెద్ద టోపీ చేస్తే, 2021లో టోక్యో పోటీలకు అంతర్జాతీయ ఈత సమాఖ్య ఒప్పుకోలేదు. తల సహజ ఆకారానికి సరిపోదన్నారు. 2022లో ఒప్పుకున్నారు. ఆన్‌లైన్‌లో ‘లాంగ్ హెయిర్’ అని కొడితే పెద్ద సైజు టోపీలు దొరుకుతాయి. దిగేముందు జుట్టును మంచినీళ్లతో బాగా తడిపి కొబ్బరినూనె రాయండి. ముందే తడిసిన జుట్టు క్లోరినైనా ఉప్పునీరైనా ఎక్కువ పీల్చదు. సముద్రంలో టోపీ ఎలాగూ అక్కర్లేదు, జడలు గట్టిగా అల్లేస్తే చాలు.

---

ఏసీగార్డ్స్ పీఈటీ (మూడు వారాల తర్వాత):

అందరికీ షుక్రియా. జాలారిపేట తమ్ముడూ, నువ్వు చెప్పినట్టు తేలుడు మొదలుపెట్టినం. రెండు నిమిషాలు అనుకున్నంత అల్కగ లేదు. ఈతల అందరికన్న ముందున్న పిల్ల నలభై సెకన్లకే కాళ్లు కొడుతున్నది. సగం కాడ తాడు పట్టుకునే ముగ్గురిల ఒకామె మాత్రం కండ్లు మూసుకొని నిద్రపోయినట్టే తేలింది, మేం లేపినం.

పెద్ద టోపీ తెప్పించిన. ఎనిమిది జడలు పట్టినయి.

నున్నటి నీటి పాయ బొమ్మ బ్లాక్‌బోర్డు మీద గీసి, తల్లులను కూడ పిలిచి చూపెట్టిన. గంటసేపు ఎవ్వరూ మాట్లాడలే. లేసి పోయేటప్పుడు పక్కింటి పిల్ల తల్లి ఎనకకు తిరిగొచ్చి, ఉర్దూల మెల్లగ అడిగింది: ఒడ్డున కూసునేటోళ్లకు కూడ ఆ రబ్బరు సూట్ ఇస్తరా అని. అక్కడ అంత చలి ఉండది, చుడీదార్ చాలు అని చెప్పిన. "అయితే నేను మోకాళ్ల దాక" అన్నది. ఆమెను చూసి ఇంకో తల్లి పేరిచ్చింది.

నాయిన రానన్నడు. ముసలోణ్ణి, రైల్ల నిద్ర పట్టది అన్నడు. తెల్లారి స్టోర్ రూమ్‌ల ఏదో దేవులాడుతున్నడు. ఏంది నాయినా అంటే, ఎండిన ఆనిగెపుకాయ బుర్రలు ఇప్పుడు ఏడ దొరుకుతయి, మోండా మార్కెట్ల అడగాల్నా అన్నడు.

తొమ్మిది మంది పిల్లలు, ఇద్దరు తల్లులు, నేను. నాంపల్లి నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌ల ఫిబ్రవరికి పన్నెండు బెర్తులు చేసిన, పది కన్‌ఫర్మ్, రెండు వెయిటింగ్. పదమూడోది ఇప్పుడే చెయ్యాల్నా, ఆయన నోటితోని అనేదాక ఆగాల్నా సమజైతలేదు. తత్కాల్‌ల లోయర్ బెర్తు దొరుకుడు కష్టమే కద?